ఆటలోని హత్యకు కర్త యెవరు?

వీడియో గేములలో నడుమ నడుమ ఆటగాని చేతిలోని అధికారమును లాగికొని, సినిమావలె కథను చూపు ఘట్టములు కలవు. వానిని కట్‌సీనులందురు. ఆ కొంతసేపు వెలుగు ఎచ్చట పడవలెనో, కెమేరా ఎవరివంక తిరుగవలెనో నిర్ణయించువాడు దర్శకుడే, ఆడువాడు ప్రేక్షకమాత్రుడు. అట్లయిన, అప్పుడు మనకు కలుగు జాలి మనదా, దర్శకునిదా? ఈ సంశయము నాకు మా మేనల్లుని ప్రక్కన కూర్చున్ననాడు పుట్టినది.

వాడాడుచుండినది 2005లో వెలువడిన 'షాడో ఆఫ్ ది కొలోసస్'. దర్శకుడు జపానీయుడైన ఫుమితో ఉయెదా. మృతురాలైన యొక కన్యను బ్రతికించుకొనుటకై యువకుడొకడు 16 మహాకాయములను చంపవలెను. అతడు ఖడ్గమును ఎండలో నెత్తినచో కిరణములు ఒక్కటిగా కూడి, వానియున్న దిక్కును చూపును. నీడలో అది వట్టి ఇనుము. చంపుటకు దారి చూపునది వెలుగే! మావాడు చాలసేపు పెనుగులాడి, మొదటిదానిని పొడిచి, "గెలిచాను మామయ్యా!" అని లేవబోయెను. అంతలో కెమేరా వాని వశము తప్పెను. జయభేరికి మారుగా శోకగీతము వినవచ్చెను. ఆ కొండవంటి దేహము మెల్లమెల్లగా ఒరిగెను. దానినుండి నల్లని తంతువులు వెడలి యువకుని దేహమున గ్రుచ్చుకొనెను. మావాడు మరల కూర్చుండి, "మనం వెళ్ళకపోతే దాని దారిన అది తిరుగుతూ ఉండేదిగా?" అనెను.

రంగస్థలమున వధను చూపరాదని మన లాక్షణికులు శాసించిరి. భాసుడు ఊరుభంగమున ఆ కట్టును దాటి దుర్యోధనుని మన యెదుటనే మరణింపజేసెను. కాని అచ్చట ప్రేక్షకుని చేతులకు నెత్తురంటదు. ఇచ్చటనో, చంపినవాడే కూర్చుండి చూడవలెను. కావున ఆ జాలి కేవలము అరువు తెచ్చుకొన్నది కాదని నా తలంపు.

ఐనను నాకొక భయము కలదు. ఇదే వెలుగును, ఇదే కెమేరాను మరియొకడు చేపట్టి, చచ్చినవానిని చీదరించుకొనుటయు నేర్పగలడు గదా! ఉయెదా అట్టి బోధ ఏదియు చేయలేదు. ఒక్క మాటయైన పలికింపలేదు. మనము కోరిన మెప్పును మాత్రము మనకీయక నిలిపివైచెను.

ఇంత తలపోసియు నేను "ఇక చాలు" అనలేదు. మావాడు రెండవదానిని వెదకబోయెను. నాకును చూడవలెననియే యుండెను. కొన్ని వారములకు కథ ముగింపునకు వచ్చినది. సుడిగాలి యువకుని కొలనులోనికి లాగుచుండగా, అధికారమును మరల ఆటగాని చేతికే ఇచ్చిరి. ఎంత పెనుగులాడినను ఫలము లేదు. మావాడు అది యెరిగియు మీటను వదలలేదు.