పేరు కొడితే ఏటొస్తాది?

మూలపేట రామమందిరంలో భజన చేసే తొమ్మిదిమందిలో డోలక్ వాయించే మనిషి మంచాన పడ్డాడు. ఉద్దానం గాలి తగిలే ఈ ఊళ్ళల్లో మంచాన పడ్డాడంటే ఏం జబ్బని ఎవరూ అడగరు. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్ళొచ్చేవాడికి రాత్రంతా కూర్చుని దరువు వేసే ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది? శ్రీరామనవమి చూస్తే నెలన్నరలో ఉంది.

బృందానికి పెద్ద హార్మోనియం తాత. పెట్టె ఆయనదే, ముందు గొంతూ ఆయనదే. ఇక కాళ్ళూ చేతులూ అంటే ఒక కుర్రాడు. పోర్టు పనుల్లో ఓ కాంట్రాక్టరు దగ్గర స్టోరు లెక్కలు రాస్తాడు, సాయంత్రం వచ్చి తాళాలు వేస్తాడు. "మనిషిని తెచ్చే పూచీ నాది తాతా" అన్నాడు.

రెండు పేర్లు వచ్చాయి. ఒకాయన టెక్కలిలో ఆర్కెస్ట్రాకి వాయిస్తాడు. ఇంకొకాయన కాకరాపల్లి వైపు మనిషి, నౌపడ ఉప్పు మడుల్లో కూలీ. కుర్రాడు ఇద్దరి పేర్లూ ఫోన్లో కొట్టాడు. టెక్కలి ఆయనకి యూట్యూబ్‌లో సొంత ఛానలే ఉంది. పెళ్ళి స్టేజీల మీద రంగు లైట్ల కింద వాయిస్తుంటే తీసిన వీడియోలు, ఒక్కోదానికీ వేలల్లో వ్యూస్. ఉప్పు మడుల ఆయన పేరు కొడితే డోలక్ ఊసే లేదు. కోర్టుల యాప్‌లో మాత్రం దొరికాడు. ఇంటిపేరు కలిసింది, ఊరు కలిసింది, స్టేషనూ కలిసింది.

ఆ రాత్రే బృందం వాట్సాప్ గ్రూపులో కుర్రాడు ఒక ముక్క పెట్టాడు: "ఈయన మీద క్రిమినల్ కేసుంది. మనకొద్దు." దాని కింద వరసగా దండాల బొమ్మలు పడ్డాయి. తాతది మీటలు నొక్కే ఫోను, ఆయనకి ఈ సంగతి తెలీనే లేదు.

టెక్కలి ఆయన వచ్చాడు. నిజం చెప్పాలంటే చేయి చాలా మంచిది. వేళ్ళు కనిపించనంత జోరు. అయితే తాతకి డెబ్బై ఆరేళ్ళు. చరణం చివర ఊపిరి తీసుకోవడానికి కాస్త ఆగుతాడు, ఆ సందులో ఒక ముక్తాయింపు వచ్చి పడేది. తాత మళ్ళీ అందుకునేసరికి డోలక్ రెండడుగులు ముందుకెళ్ళిపోయి ఉండేది. మూడో రోజు ఆయనే, "మీ కాలం నాకు కుదరట్లేదండీ, ఏమీ అనుకోకండి" అని దండం పెట్టి బండెక్కాడు. మంచి మనిషి. ఆర్కెస్ట్రాలో ఆయన ముందున్న మైకు ఎప్పుడూ ఊపిరి కోసం ఆగి ఉండదు, అంతే.

"ఆ ఉప్పు మడులాయన్ని పిలవనేదేటి?" అన్నాడు తాత.

"ఆడి మీద కేసుంది తాతా."

"ఏటి సేసేడని?"

"సెక్షన్లు ఉన్నాయి, ఇదిగో..."

"సెక్షన్లు నాకెందుకురా? ఏటి సేసేడో ఆడ్ని అడిగేవా?"

కుర్రాడు మాట్లాడలేదు. తాత పెట్టె మూత వేసి, "సరే, నా పేరు కొట్టు. ఏటొస్తాదో సూద్దాం" అన్నాడు. కుర్రాడు కొట్టాడు. హైదరాబాద్‌లో ఒక పళ్ళ డాక్టరు వచ్చాడు. ఎక్కడో ఒక మాజీ సర్పంచి వచ్చాడు. ఫేస్‌బుక్‌లో కళ్ళద్దాలు పెట్టుకున్న నలుగురైదుగురు కుర్రాళ్ళు వచ్చారు. పదహారో ఏట నుంచి పాడుతున్న తాత అందులో లేడు.

"నాను కనబడనేదా?"

"నేదు తాతా."

"అయితే నన్నూ తీసెయ్."

మర్నాడు చీకటిపడే వేళకి ఉప్పు మడులాయన సైకిలు మీద వచ్చాడు. డోలక్‌ని గోనెసంచిలో చుట్టి వెనక కట్టుకున్నాడు. ఉప్పునీళ్ళలో నాని నాని వేళ్ళ కొసలు పగిలిపోయి ఉన్నాయి, కుడిచేతి రెండు వేళ్ళకి తెల్ల ప్లాస్టరు. చాప మీద కూర్చున్నాడో లేదో తాత అడిగేశాడు. "నీ మీద కేసుందట గదా బావూ. ఈ గుంటడు ఫోన్లో సూసేడు. ఏటది?"

కుర్రాడు చాప అంచు పీకుతూ తల దించుకున్నాడు. వచ్చినాయనకి మాత్రం కోపం రాలేదు.

"ఉంది తాతా. బీల కేసు."

ఆ ఒక్క మాటతో అక్కడున్న సగంమందికి అర్థమైపోయింది. కాకరాపల్లి బీలలో, అంటే ఆ చిత్తడి నేలలో, థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని ఊళ్ళకి ఊళ్ళు రోడ్డెక్కాయి. 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ గొడవలో కేసులు పడినవాళ్ళు సంతబొమ్మాళి మండలంలో చాలామందే ఉన్నారు.

"అందరం రోడ్డు మీద కూకున్నాం. నా సేతిలో డప్పుంది. డప్పు కొట్టినోడి పేరు ముందు రాసుకున్నారు."

ఫోన్లో ఇతని వాయింపు ఊసే లేదనుకున్నాడు కుర్రాడు. దొరికింది ఆ వాయింపే, పోలీసు భాషలో. తెర ఇంకాస్త కిందికి దించితే కేసు ముగిసిపోయిందని కూడా ఉంది. అంతవరకూ అతను దించలేదు.

ఆ మాట అక్కడితో అయిపోయింది. సముద్రపు చెమ్మకి డోలక్ తోలు జారిపోయి ఉంది. ఆయన బయటికెళ్ళి నాలుగు కొబ్బరి డొక్కలు పోగేసి మంట పెట్టాడు. సెగకి డోలక్‌ని అటూ ఇటూ తిప్పుతూ మధ్యమధ్య వేలితో మీటి చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడు. పావుగంట పట్టింది, ఎవరూ తొందరపెట్టలేదు. లోపలికొచ్చి కూర్చున్నాక తాత పాట ఎత్తుకున్నాడు. చరణం చివర ఊపిరి కోసం ఆగాడు. డోలక్ కూడా ఆగింది. పూర్తిగా ఆగలేదు, ఎడమచేతి గుమికి మాత్రం ఒక్కటి, మెల్లగా, 'నువ్వు రా, నేనిక్కడే ఉన్నాను' అన్నట్టు పడింది. తాత మళ్ళీ అందుకున్నాడు. కుర్రాడి తాళం తప్పింది ఆ ఒక్క చోటే.

కథ ఇక్కడ ఆపితే ఉప్పు మడులాయన దేవుడైపోతాడు. కాదు. తర్వాతి పది రోజుల్లో మూడుసార్లు రాలేదు, చెప్పనూ లేదు. శ్రీరామనవమి పడేది ఉప్పు పండే కాలంలో. సాయంత్రం మబ్బు కమ్మితే కుప్పలు కరిగిపోకుండా కప్పుకోవాలి, భజన ఎవడికి గుర్తుంటుంది? నిజానికి బృందం ముందుగా అడగాల్సిన ప్రశ్న అది. అది ఏ యాప్‌లోనూ ఉండదు.

నీతి: ఫోన్లో దొరికిన సంగతిని పదిమందికి పంచేముందు ఆ మనిషి ముందు పెట్టు. అతను చెప్పేది విను, ఆ తర్వాత అతని వాయింపు విను.

ఇంత చిన్న నీతికి ఇంత కథ అవసరమా అంటారేమో. ఫోన్లు లేని కాలంలో కూడా ఇది తేలిక కాలేదు. ఘంటసాల వెంకటేశ్వరరావు సంగతే చూడండి. 1922లో పుట్టిన ఆ కుర్రాడు సంగీతం కోసం విజయనగరం చేరాడు. రోజుకో ఇంట వారాలు చేసుకుంటూ బతికాడు. తోటి విద్యార్థులు చేసిన పనికి నింద తన మీద పడి సంగీత కళాశాల నుంచి పంపేశారని, అది విన్న వారాల ఇళ్ళవాళ్ళు కూడా ఇక రావద్దన్నారని ఆయన జీవితకథల్లో ఉంది. ఆ ఇళ్ళవాళ్ళు చెడ్డవాళ్ళేం కారు. ఊరంతా చెప్పుకుంటున్న మాటే విన్నారు, మన వాట్సాప్ గ్రూపులో దండాలు పెట్టినవాళ్ళ లాగే. గుడిలో తలదాచుకున్న ఆ కుర్రాణ్ణి పట్రాయని సీతారామశాస్త్రి ఇంటికి తీసుకెళ్ళి డబ్బు తీసుకోకుండా నేర్పారు. శాస్త్రిగారింట్లోనూ లేమే, శిష్యుడు జోలె పట్టక తప్పలేదు. తర్వాత 1942 ఉద్యమంలో జైలుకి కూడా వెళ్ళొచ్చాడు. 1944లో ఎవరైనా ఘంటసాల పేరు కొట్టి చూడగలిగి ఉంటే వచ్చేవి రెండే: కళాశాల వెళ్ళగొట్టింది, సర్కారు జైల్లో పెట్టింది. రెండూ అబద్ధాలు కావు.

అలాగని వెతకొద్దనను. కోలాటం ఆడపిల్లలు పొరుగూళ్ళో ఆడి అర్ధరాత్రి ఒకే ఆటోలో తిరిగొస్తారు. పక్కన కూర్చునే వాయిద్యగాడు ఎలాంటివాడో తల్లి ఆరా తీస్తే నేనామె పక్షం. కానీ ఆరా తీసేవాళ్ళు చదవడం నేర్చుకోవాలి. పాత శిక్షాస్మృతిలో 143 అంటే చట్టవిరుద్ధంగా గుమిగూడటం, 354 అంటే ఆడదాని మీద చెయ్యి వెయ్యడం. యాప్‌లో రెండూ ఒకే సైజు అంకెలు, రెండూ 'క్రిమినల్' పట్టీ కిందే. 2024 జూలై నుంచి కొత్త చట్టం వచ్చి ఆ అంకెలూ మారిపోయాయి. 354 అయితే డోలక్ ఎంత తీయగా మోగినా గుమ్మం దాటనివ్వక్కర్లేదు. 143 అయితే కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి అడగాలి.

పేర్లతో ఇంకో తంటా ఉంది, అది మూలపేటకి బాగా తెలుసు. ఏళ్ళ తరబడి కాగితాల్లో ఇక్కడి పోర్టు పేరు భావనపాడు పోర్టు. 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగే వేళకి మూలపేట పోర్టు అయింది. ఇప్పుడు మూలపేట అని కొట్టినవాడికి శంకుస్థాపన నుంచే కథ మొదలవుతుంది, భూముల గొడవంతా ఇంకో పేరు కింద పడుంటుంది. ఊరి సంగతే ఇలా ఉంటే ఉప్పు మడుల కూలీ లెక్కెంత?

ఆ ఏడు నవమి రాత్రి ఆయన తొమ్మిదిన్నరకి వచ్చాడు, మోకాళ్ళదాకా ఉప్పు చారలతోనే. పందిట్లో అప్పటికే రెండు పాటలైపోయాయి. కుర్రాడు లేచి డొక్కల మంట దగ్గర చోటిచ్చాడు. ఇప్పటికీ భజన ఉన్న రోజున పొద్దున్నే ఫోన్ తీసి ఆయన గురించి ఒక్కటే వెతుకుతాడు, సాయంత్రం నౌపడలో వాన పడతాదా అని.