పేరు చెప్పుట, బరువు మోయుట

మానవుడు పుట్టుకతోనే మూడు ఋణములతో వచ్చునని పెద్దలు చెప్పిరి. అవి దేవఋణము, ఋషిఋణము, పితృఋణము. శ్రాద్ధదినమున కర్త తండ్రిని వసురూపునిగను, తాతను రుద్రరూపునిగను, ముత్తాతను ఆదిత్యరూపునిగను భావించి, పేరును గోత్రమును చెప్పి తిలోదకములు విడుచును. మూడు తరముల పేర్లు మరువకుండుటకు మహర్షులు ఏర్పరచిన మార్గమిది. అయితే పేరు చెప్పినంతనే పితృఋణము తీరునా? వంశధారా తీరమున పుట్టిన ఒక మహనీయుని జీవితము ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుచున్నది.

శ్రీముఖలింగము మధుకేశ్వరస్వామి వెలసిన క్షేత్రము. మధుకమనగా ఇప్పచెట్టు. సవరల నాయకుడొకడు ఇప్పచెట్టును నరుకగా, ఆ మ్రానునందు స్వామి ముఖముతో సాక్షాత్కరించెనని స్థలపురాణము. భగవంతుడు తన ముఖమును మొదట అడవిబిడ్డలకు చూపెనన్నమాట. ఈ ఆలయపు రాళ్ళపై గాంగరాజుల నాటి శాసనములు పెక్కు గలవు. అఖండదీపములకై భక్తులు గావించిన దానములు వానిలో కానవచ్చును.

ఈ క్షేత్రమునకు చేరువనున్న పర్వతాలపేటలో 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు జన్మించిరి. వీరరాజుగారు తండ్రి, వేంకమ్మగారు తల్లి. 1875లో తండ్రి గతించిరి. అప్పటికి బాలునకు పండ్రెండేండ్లు. తండ్రి చేయి పట్టుకొని నడువవలసిన వయస్సున తండ్రికి తిలోదకము విడువవలసి వచ్చెను. విజయనగరమున చదువుకొని, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా చేరిరి. తండ్రి నీడ తనకు కరవైనను, ఇతరుల బిడ్డలకు నీడయగుట ఆనాటినుండియే ఆరంభమయ్యెను.

ముఖలింగ శాసనములను పంతులుగారు స్వయంకృషితో చదివిరి. వజ్రహస్తుని నడగాం తామ్రశాసనమును ఎపిగ్రాఫియా ఇండికా నాలుగవ సంపుటమున ప్రకటించిరి. అది శకవర్షము 979 నాటిది. రాజు దానము చెప్పుటకు ముందు, తన పూర్వులలో ఎవరి తరువాత ఎవరు, ఎన్నేండ్లు ఏలిరో అందు వరుసగా చెప్పబడియున్నది. రాజైనను తాతల పేర్లు తలచిన పిమ్మటనే తన మాట పలికెను! గాంగుల కళింగనగరము కళింగపట్టణమని కొందరు విద్వాంసులు తలచుచుండగా, అది ముఖలింగమేయని పంతులుగారు నిరూపించిరి. తాము పుట్టిన సీమకు మరుగుపడిన పేరును తిరిగి తెచ్చి యిచ్చిరి. ఇదియు ఒక పితృకార్యమే.

అంతకు మించిన కార్యము సవరల సేవ. ఆ భాషకు నాడు వ్రాత లేదు. తెలుగును సవరయు నెరిగిన యొకనిని ఇంటనే పెట్టుకొని పంతులుగారు ఆ భాష నేర్చిరి. సొంత సొమ్ముతో సవరపిల్లలకు చదువు చెప్పించిరి. సవర పుస్తకములకు ప్రభుత్వము పారితోషికమీయజూపగా, ఆ ధనముతో సవరలకు బడి పెట్టవలసినదని కోరిరి. మన్యపు జ్వరము సోకి, దానికి వాడిన క్వినైనువలన వినికిడి కోల్పోయిరి. పరుల పలుకు వినుటకే పోయినవాని చెవులు మూతపడెను! అయినను పని మానలేదు.

ఇల్లాలి త్యాగమును ఇచ్చట తలపక తప్పదు. ఇంటి ధనము అడవిబిడ్డల చదువునకు పోవుచుండగా సంసారమును దిద్దుకొనుట, చెవులు వినరాని భర్తకు తోడై నిలుచుట సామాన్యమైన తపస్సు కాదు. ఆమె పేర ఏ రాతిమీదను శాసనము లేదు. భర్త కీర్తిలో సహధర్మచారిణికి సగము పాలు గలదని ధర్మమెరిగినవారు ఒప్పుకొనకపోరు.

కుమారులు సీతాపతిగారు (1885–1969) తండ్రికి సవర పరిశోధనమున తోడైరి. తాముగూడ సవరలను గూర్చి వ్రాసిరి, బాలల కొరకు రచనలు గావించిరి. తండ్రికి వినరాని వేళ కుమారుడే చెవియయ్యెనన్నను తప్పులేదు. తండ్రి యెత్తిన బరువునకు బ్రతికియుండగనే భుజమిచ్చిన కుమారుని తర్పణము నిండు తర్పణము.

1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడి పర్లాకిమిడి అందు చేరినప్పుడు, అర్ధశతాబ్దికి మించి కాపురమున్న ఊరిని పంతులుగారు డెబ్బదిమూడవ యేట విడిచి రాజమహేంద్రవరము చేరిరి. ఇల్లు విడిచినను పని విడువలేదు. 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడెను. 1940 జనవరి 22వ తేదీన వారు శివసాయుజ్యము నొందిరి.

వాడుకభాషకై వారు సలిపిన పోరాటము లోకవిదితము. తమ జన్మదినమే నేడు తెలుగు భాషాదినోత్సవమైనది. నేటి బడిపిల్లవాడు ఇంట పలుకు తెలుగులోనే తన పాఠము వ్రాయగలుగుచున్నాడు. ఆ తాత పంచి యిచ్చిన ఆస్తియే అది. ఆ లెక్కను వారికి మనుమలు ఒక యింటివారు మాత్రమే కారు.

ప్రతి యింటను ఒక తాత యుండి గతించును. ఆయన నాటిన చెట్టొకటి, చెప్పించిన చదువొకటి, సగములో నిలిచిన మంచిపని యొకటి మిగిలియుండును. తిథినాడు పేరు చెప్పి నీరు విడుచుట విధి. మరునాడు ఆ చెట్టుకు నీరు పోయుట, ఆ పనిని అందుకొనుట ఋణవిమోచనము. ముఖలింగేశ్వరుని ఎదుట వెలుగు అఖండదీపమును వెలిగించినవా డొకడు. పిమ్మట తరతరములుగా నూనె పోసినవారు వేరు. దీపము అఖండమగుట వారి చేతులవలననే.