పచ్చి ఇటుక

మా అమ్మ ఇరవై యేళ్ళు ఇటుకలు కోసింది. మా ఇంటికి ఇటుక గోడ వచ్చింది మాత్రం 2008లో, ఇందిరమ్మ ఇల్లు శాంక్షనైనాక. అప్పటిదాకా మట్టిగోడ, తాటాకు కప్పు. నేను లెక్కల మాస్టార్ని. ఈ లెక్క మాత్రం నాకు ఇప్పటికీ కుదరదు.

ఇటుక కోయడమంటే తెలియని వాళ్ళ కోసం చెబుతున్నా. సంక్రాంతి దాటాక బట్టీ ఆసామి అడ్వాన్సు ఇస్తాడు. అది పుచ్చుకున్నాక వానలు పడేదాకా ఆ మనుషులు ఆయన మనుషులే. రాత్రి మట్టికి నీళ్ళు పెట్టి నానబెడతారు. తెల్లవారుజామున మూడింటికి లేచి మా నాయన తొక్కేవాడు. అమ్మ అచ్చులో ఇసక చల్లి, ముద్ద ఎత్తి అందులోకి విసిరికొట్టి, పైన మిగిలింది గీసేసి, నేల మీద బోర్లించేది. పచ్చి ఇటుక మూడు కిలోల పైమాటే. రోజుకి వెయ్యి కోస్తే మూడు టన్నుల మట్టి ఆమె చేతుల్లోంచి పోయినట్టు. ఆరిన వాటిని తిరగెయ్యడం నా పని. బడి ఉన్నరోజు కూడా అదే పని.

కూలి వెయ్యికి ఇంతని. ఏ వెయ్యికి? అమ్మ కోసిన వెయ్యికి కాదు, బట్టీలోకి ఎక్కిన వెయ్యికి. మధ్యలో విరిగినా, కుక్కలు తొక్కినా, వాన తినేసినా అదంతా మా ఖాతా. నాకు పదేళ్ళప్పుడు, ఏప్రిల్ నెలలో ఒక రాత్రి గాలివాన పడింది. తాటాకులు కప్పాం, గోతాలు కప్పాం, చివరికి మేం కప్పుకునే దుప్పటి కూడా కప్పాం. తెల్లారేసరికి వారం రోజుల పని మళ్ళీ మట్టయిపోయింది. ఆసామి వచ్చి చూసి, "మట్టి యాడికీ పోలేదుగా, మళ్ళా కొయ్యండి" అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే అది నన్ను ఇప్పటికీ మండిస్తుంది.

ఆ యేడే బళ్ళో మా మాస్టారు, ఇటుక మీద ఇటుక పేరిస్తేనే మేడవుతుందని చెప్పాడు. మంచాయన. నేను నమ్మాను. నమ్మబట్టే చదివాను కూడా. పది, ఇంటరు, డిగ్రీ, బీయీడీ. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసింది నేనే మొదలు. ఉద్యోగమొచ్చాక ఒక ఏప్రిల్ 14న మా పల్లెలో అంబేద్కర్ బొమ్మ కాడ మైకిస్తే నేనూ అదే మాట చెప్పాను. తొందరపడొద్దు తమ్ముళ్ళూ, ఇటుక మీద ఇటుక అన్నాను. చప్పట్లు బాగానే కొట్టారు. ఇంటికొచ్చాక అమ్మ అన్నం పెడతా అంది:

"ఒరే, పచ్చి ఇటుకలు గూడా పేర్చొచ్చు. చూట్టానికి గోడలాగే ఉంటది. వాన పడిందాకా తెలవదు. కాలిందో లేదో చూసుకోమని చెప్పకుండా ఊరికే పేర్చమని చెప్పబాక."

నాకు జవాబు దొరకలేదు. ఆ రాత్రి చుండూరు గుర్తొచ్చింది. మాకు దూరమేం కాదు. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితుల్ని చంపారు. బాధితులు కొట్లాడి ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో ఇరవై ఒక్క మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. పదహారేళ్ళు పేర్చిన గోడ అది. ఆ ఆడవాళ్ళ ఓపికలో ఏం తక్కువైందో ఎవరైనా చెప్పగలరా? మెల్లమెల్లగా అని మనకి చెప్పేవాడు ఎప్పుడూ కప్పు కింద నిలబడి చెబుతాడు. తడిసేది వాడు కాదు.

అట్లాగని కోయడం మానేస్తామా? ఖాళీ బట్టీకి నిప్పు పెడితే మిగిలేది బూడిదే. చదువు పక్కన పెట్టి ఉద్యమమొక్కటే చాలనే మా కుర్రాళ్ళతో నాకు రోజూ పోట్లాటే. అమ్మ కోయబట్టే గదా నేనిట్లా రాస్తున్నాను. ఓపిక మంచిదా చెడ్డదా అనే చర్చ నాకక్కర్లేదు. ఆ మాట ఎవరు ఎవరికి చెబుతున్నారు, కోసిన ఇటుకల లెక్క ఎవరి పుస్తకంలో ఉంది అనేదే నేనడిగేది.

1936 నాటి 'కులనిర్మూలన'లో బాబాసాహెబ్, కులం ఇటుకల గోడలాంటి వస్తువు కాదనీ, మనసులో ఉండే భావమనీ అంటాడు. అమ్మకి చదివి వినిపిస్తే నవ్వింది. "గోడైతే బాగుండేదిరా. యాడ కొడితే ఊడుద్దో మనకి తెలుసుగా" అంది.

నా బళ్ళో ఏడో తరగతి పిల్లోడొకడు జనవరి నుంచి రావట్లేదు. అమ్మానాయనలతో బట్టీకి పోయాడు. పేరు కొట్టెయ్యమని హెడ్మాస్టరు రెండుసార్లు చెప్పాడు. కొట్టెయ్యలేదు, దొంగ హాజరూ వెయ్యలేదు. మొన్న సాయంత్రం వాడు సైకిలేసుకుని వచ్చి లెక్కల నోటుబుక్కు చేతికిచ్చాడు. నేను చెప్పిన భిన్నాల లెక్కలకి వెనక పేజీల్లో వాళ్ళమ్మ రోజూ కోసిన ఇటుకలు రాసుకున్నాడు. 940. 1,010. 875. ఒకచోట 'వాన' అని రాసి, పక్కన సున్నా. మొత్తం కూడితే అరవై ఒక్క వేలు దాటింది. ఆసామి పుస్తకంలో యాభై మూడు వేలేనంట.

"కూడిక తప్పుందేమో చూడండి సార్" అన్నాడు.

మూడుసార్లు కూడాను. తప్పు లేదు.

ఈ ఆదివారం వాడూ నేనూ ఆ నోటుబుక్కు తీసుకుని బట్టీ కాడికి పోతున్నాం. గవర్నమెంటు ఉద్యోగివి, నీకెందుకని ఇంట్లో నా భార్య గొడవ. ఆమె భయం కూడా ఉత్తది కాదు. అమ్మ మాత్రం తనూ వస్తానంది. ఆసామితో మాట్టాడ్డానికి కాదంట. ఆ పిల్లోడి తల్లి అచ్చు ఎట్టా కొడతందో చూడాలంట.