ఆరేలియా రోడ్డుకి అవతల

ఇటలీలో టస్కనీ తీరాన బోల్గెరి అనే చిన్న ఊరుంది. ఆ పేరు వైను సీసా మీద వేసుకోవాలంటే ద్రాక్షతోట ఆరేలియా రోడ్డుకి తూర్పున, కొండల వైపు ఉండాలి. పడమట, సముద్రం వైపున్న చేనుకి ఆ పేరు దక్కదు. నేల తేడా అంటారు. కావచ్చు. కానీ నేల సరిగ్గా రోడ్డు వేసిన చోటే మారుతుందా?

మారియో ఇంచీసా దెల్లా రొక్కెత్తా అనే జమీందారు 1944లో ఇక్కడ ఫ్రాన్స్‌లోని బోర్డో ద్రాక్ష కాబెర్నె సావిన్యోన్ నాటించాడు. ఈ తీరంలో గొప్ప వైను రాదన్నది అప్పటి నమ్మకం. ఏళ్ల తరబడి ఆ వైను ఇంటివాళ్లు తాగడానికే సరిపోయింది. 1968 పంటతో 'సస్సికాయా' పేరున బజారుకొచ్చింది. 1978లో డికాంటర్ పత్రిక లండన్‌లో కాబెర్నె వైన్లకు పెట్టిన పరీక్షలో 1972 సస్సికాయా మొదటి స్థానం కొట్టేసింది. అయినా చట్టం దృష్టిలో అది పూటకూళ్లింట్లో పోసే సాదా వైనుతో సమానమే! అక్కడి ఎర్ర వైనుకి నిబంధనే లేదు మరి. 1983లో బోల్గెరికి అధికార గుర్తింపొచ్చినా అది తెల్ల వైనుకీ, గులాబీ వైనుకీ మాత్రమే. ఎరుపుకి 1994 దాకా ఆగాల్సి వచ్చింది. తీగ మారలేదు, రాళ్ల నేల మారలేదు. మారింది కాగితం. 2013లో సస్సికాయాకి విడిగా సొంత గుర్తింపు కూడా ఇచ్చారు: కాబెర్నె సావిన్యోన్ కనీసం 80 శాతం. సీసాని ముందు పెట్టుకుని నిబంధన రాశారన్నమాట.

నిబంధనలన్నీ దండగని నేననను. కొనేవాడికి తోట కనపడదు, పీపా కనపడదు. బోల్గెరి సీసా మీద 'సుపీరియోరె' అని రాసి ఉంటే వైను రెండేళ్లు ఆగిందనీ, అందులో ఏడాదైనా ఓక్ పీపాలో ఉందనీ నమ్ముతాడు. ముఖపరిచయం లేని ఇద్దరి మధ్య అంత నమ్మకం కుదరడం చిన్న సంగతేం కాదు.

నన్ను తొలిచేది వేరే. బోల్గెరి ఎర్ర వైను అచ్చంగా కాబెర్నెతోనో, మరో బోర్డో ద్రాక్ష మెర్లోతోనో చేయొచ్చు. టస్కనీ సొంత ద్రాక్ష సాంజొవేజె మాత్రం సగానికి మించకూడదు. వలసొచ్చిన తీగకి పూర్తి హక్కు, పుట్టిపెరిగిన తీగకి సగం వాటా! ఎవరు స్థానికులో తేల్చేది పుట్టుకా, నిలదొక్కుకున్న తీరా, కాగితం రాసిన రోజు గదిలో ఎవరున్నారన్నదా? మనుషుల విషయంలో ఈ ప్రశ్నకి మనం ఇంతకంటే తిన్నగా జవాబు చెబుతున్నామా?

రేపెవరైనా ఆ తూర్పు వాలు మీదే అచ్చమైన సాంజొవేజెతో అద్భుతం చేస్తే, దాన్ని బోల్గెరి అనకూడదు. 'తోస్కానా' అనే పెద్ద పేరు కింద అమ్ముకోవాలి. అప్పుడు కాగితం మార్చమని అడగాల్సింది తాగినవాళ్లా, చేసినవాళ్లా?