గుక్కెడు మంచినీరు



మాఘపూర్ణిమకు హంసలదీవి సాగరసంగమస్నానమునకై బందరునుండి చల్లపల్లి, మోపిదేవి మీదుగా పోవుచు మేము అవనిగడ్డ సమీపమున ఆగితిమి. పింగళ నామ సంవత్సర కార్తీకమాసమున, 1977 నవంబరు 19వ తేదీన, దివిసీమను ముంచిన ఉప్పెన ఎంతవరకు వచ్చి నిలిచెనో అచ్చట మృతుల స్మృత్యర్థము స్తూపమును నిర్మించిరి. సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిన కడలి సొర్లగొంది, పాలకాయతిప్ప మొదలగు గ్రామములపై బడెను. పదివేలమందికి పైగా అసువులు బాసిరి. అంతకు పూర్వము 1864 నవంబరు 1వ తేదీన బందరులో ఇట్టి ఉప్పెనకే దాదాపు 30,000 మంది బలియైరి.

1977లో నేను గుడివాడ ప్రాంతమున పాఠశాల విద్యార్థిని. గాలికి ఇంటి పెంకులు లేచిపోయినను మా ప్రాణములు దక్కినవి. "స్వామి మమ్ము కాపాడెను" అని నాటినుండి నిత్యము ఆరాధనానంతరము చెప్పుకొనుచుంటిని. స్తూపము ముందు ఆ మాట నాకు నోట రాలేదు. మమ్ము కాపాడినవాడు వారిని విడిచెనా? ఆ కూలిజనులు, ఆ బెస్తవారు, ఆ పసికందులు చేసిన అపరాధమేమి? మాకున్న యోగ్యత యేమి?

అంతలో అచ్చట కూర్చున్న వృద్ధురాలొకతె చెంబుతో నీళ్లు తెచ్చి, "తాగండి అయ్యగారూ. అప్పుడు ఎటుచూసినా నీళ్లే, తాగటానికి మాత్రం గుక్కెడు లేవు. బావులన్నీ ఉప్పే. అందుకే ఎవరొచ్చినా ముందు నీళ్లిస్తాను" అనెను. తనవారెందరు పోయిరో ఆమె చెప్పలేదు. నేను అడుగలేదు.

ఆ నీరు త్రాగినప్పుడు నా ప్రశ్నలో సగము తీరినది. మాకు యోగ్యత యేమియు లేదు. పొడినేల, వెలుగుచున్న దీపము, వేడియన్నము, మంచినీరు మన పుణ్యమునకు దొరకిన కూలి కావు, ప్రసాదము. ప్రసాదము చేత బడినవాడు ప్రక్కవానికి పెట్టక తినడు. మిగిలిన సగమునకు నాకు సమాధానము తెలియదు. "అది వారి కర్మ" యని పొడినేలపై నిలిచి పలుకుట మాత్రము శాస్త్రము కాదు, కాఠిన్యము.

ఇప్పుడు నా ప్రార్థన మారినది. "స్వామీ, నన్ను మిగిల్చితివి, ఎవరికొరకో చూపుము" అనుచున్నాను. మీరును రేపు తొలి చెంబెడు నీరు ముంచుకొనునపుడు వాకిట దాహముతో నిలిచినవారున్నారేమో చూడుడు. తనకొరకే వండుకొనువాని భోజనమును గీతాచార్యుడు మెచ్చలేదు గదా!

శ్రీమన్నారాయణుడు మనకట్టి బుద్ధి ననుగ్రహించుగాక!