పట్టా ఎవరి సొత్తు?

ధ్యానమునకు: రోమా 1:14, అపొ. కార్యములు 18:24–26



మన పల్లెలలో ఒక యౌవనస్థుడు ప్రభువు సేవకు పిలువబడితినని చెప్పి, వేదాంత కళాశాలలో చేరి బైబిలు చదువునందు పట్టా పొందగోరినప్పుడు, పెద్దలు రెండు విధములుగా మాటలాడుదురు. “పేతురు ఏ పట్టా పుచ్చుకొనెను? ఆత్మ యుండిన చాలదా?” అని కొందరు. “పట్టా లేని బోధకుని మాట ఈ కాలములో ఎవరు విందురు?” అని కొందరు. ఈ రెండు మాటలను వాక్యపు వెలుగులో తూచి చూతము.

మొదటి మాటలో సత్యము లేకపోలేదు. పేతురు యోహానులు చదువరులు కారని యెరూషలేము సభవారే గుర్తించిరి (అపొ. 4:13). విలియం కేరీ చెప్పులు కుట్టి బ్రదికినవాడు. ఏ కళాశాలలోను చదివి పట్టా పొందలేదు. అయినను గ్రీకు, హెబ్రీ భాషలను స్వయముగా నేర్చుకొనెను. ఆయనయు, జతపనివారైన మార్ష్‌మన్, వార్డులును 1818లో బెంగాలులోని శ్రీరామపురమున కళాశాల స్థాపించిరి. మన తెలుగు క్రొత్త నిబంధన ఆ సంవత్సరమే అచ్చట అచ్చుపడెను. 1827లో డెన్మార్కు రాజు ఆ కళాశాలకు పట్టాలిచ్చు అధికారమిచ్చెను. 1915లో మొదటి బి.డి. పట్టాలు ఇయ్యబడెను. తెలుగు సంఘములు కొన్ని కలిసి 1964లో రాజమహేంద్రవరమున ప్రారంభించి, తరువాత హైదరాబాదునకు మార్చిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలోను ఆ శ్రీరామపురపు పట్టాకే చదువుదురు. చదువు అక్కరలేనిదైతే, కళాశాల ముఖము చూడని కేరీ కళాశాలను ఏల కట్టును?

దోర్నకల్ బిషప్పు అజరయ్యగారును మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిరి గాని బి.ఏ. పట్టా పొందలేదు. ఆయన 1912లో అభిషేకము పొంది, భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పు అయిరి. అట్టివారే గ్రామ సేవకుల శిక్షణకై ఎంతో పాటుపడిరి. కాబట్టి పట్టా లేకపోవుట సేవకు అడ్డము కాదు. చదువును తృణీకరించుట మాత్రము అడ్డమే.

ఆ చదువు పల్లెకు ఏమి తెచ్చును? ఒక్క ఉదాహరణ చూడుడి. కొండమీది ప్రసంగములో మొదటి ధన్యత దీనులను గూర్చినది (మత్తయి 5:3). గ్రీకులో బీదవానికి రెండు మాటలు కలవు. రెక్కాడితేగాని డొక్కాడని కూలివాడు ‘పెనేస్’. ఏమియు లేక చేయి చాపువాడు ‘ప్తోఖోస్’. మత్తయి వ్రాసినది ఈ రెండవ మాట. దీనినెరిగిన బోధకుడు, దీనులనగా అణకువగల మంచివారని చెప్పి ఊరకుండడు. తమ మంచితనమును కూలిడబ్బువలె దేవుని యెదుట లెక్కపెట్టలేక, వట్టి చేతులు చాపువారని చెప్పును. వట్టి చేతులతో దినములు గడిపిన మన పల్లె విధవరాలు ఆ మాట వినగానే గ్రహించును. చదివినవాడు అర్థము తెచ్చును. ఆమె దాని రుచి చెప్పును. ఒకరికొకరు కావలెను.

అపొల్లో విద్వాంసుడు, లేఖనములయందు ప్రవీణుడు. అయినను డేరాలు కుట్టు అకులయు ప్రిస్కిల్లయు తన్ను ఇంటికి పిలిచి నేర్పగా నేర్చుకొనెను. నేర్పినవారిలో స్త్రీయు ఉండెనని మరువకుడి. పిలుపు గల కుమార్తెలకు ఈ చదువు తలుపు మూయకుడి.

ఇక రెండవ మాట. పట్టా అనగానే పల్లెవానికి ముందు భూమి జ్ఞాపకము వచ్చును. భూమి పట్టా చేతికి వచ్చినవాడు “ఇది నాది” అనును. చదువు పట్టా వచ్చినవాడును అట్లే అనుచున్నాడా? దానిని చూపి కట్నము పెంచుచున్నాడా? పట్టణపు సంఘము దొరకువరకు పల్లెను దాటు రేవుగా ఎంచుచున్నాడా? అతనిని చదివించినది ఎవరు? గేదెను అమ్మిన తండ్రి, వండిన ప్రతిపూట పిడికెడు బియ్యము తీసి ప్రభువు పేరట దాచిన తల్లులు. పౌలు గమలీయేలు పాదములయొద్ద చదివినవాడు. అయినను తన్ను జ్ఞానులకు మాత్రమే గాక జ్ఞానము లేనివారికిని అప్పుపడినవానిగా ఎంచుకొనెను. భూమి పట్టా మనలను సొంతదారులను చేయును. బైబిలు చదువు పట్టా మనలను ఋణస్థులను చేయును.

అయితే ఈ ఋణము పేరట సంఘము సేవకుని బానిసగా చూడరాదు. అతనికి జీతము సకాలములో ఇయ్యవలెను; పుస్తకములు కొనుటకు సహాయము చేయవలెను. ఉదయమున అతడు పుస్తకము ముందర కూర్చుండిన, “పని లేక కూర్చున్నాడు” అనకుడి. దున్నని చేను పండదు. చదువని బోధకుడు నిరుడు చెప్పినదే మరల చెప్పును.

యౌవనులారా, కళాశాలకు పోగోరినయెడల పోవుడి, కష్టపడి చదువుడి. పోవుటకు ముందు ఒక ప్రశ్నకు జవాబు సిద్ధపరచుకొనుడి: తిరిగివచ్చి ఎవరి ఇంటి అరుగుమీద కూర్చుండి ఈ గ్రంథము విప్పెదను? తలిదండ్రులారా, పెద్దలారా, వారిని పంపునప్పుడు ఈ ప్రశ్నను ప్రేమతో అడుగుడి. పంపిన తరువాత వారి నిమిత్తము ప్రార్థించుట మానకుడి.