గజ్జె కట్టిన పండితుడు

మాన్వి జగన్నాథదాసు కథలో అందరూ చెప్పుకునేది ఆయుర్దానం. రాయచూరు జిల్లా మాన్వి తాలూకా బ్యాగవట్‌లో 1728లో పుట్టిన ఆయన అసలు పేరు శ్రీనివాసాచార్యులు. సంస్కృతంలో దిట్ట. కన్నడంలో పదాలు కట్టి పాడే విజయదాసును చిన్నచూపు చూసి, ఆయన సంతర్పణకు పిలిస్తే, పొద్దుపోయి భోంచేస్తే కడుపునొప్పి వస్తుందని సాకు చెప్పాడట. ఆ సాకే నిజమై రోగం పట్టుకుంది. చివరికి విజయదాసు శిష్యుడు గోపాలదాసు తన ఆయుష్షులోంచి 40 ఏళ్లు ధారపోసి బతికించాడని సంప్రదాయం చెబుతుంది. నమ్మేవాళ్లు నమ్ముతారు. నమ్మనివాళ్లు కూడా తీసిపారేయలేనిది ఆ తర్వాతి సంగతి. శాలువా కప్పుకుని సభల్లో కూర్చున్న పండితుడు కాళ్లకు గజ్జె కట్టాడు, తంబూరా మీటుతూ వీధిలోకి వచ్చాడు, తను ఈసడించిన కన్నడంలోనే హరికథామృతసారం రాశాడు. పై మెరుగులు వదిలేసి అసలు సత్యాన్ని పట్టుకున్నాడని దీనికి మామూలుగా చెప్పే తాత్పర్యం. ఆ తాత్పర్యం సరిపోదనిపిస్తుంది.

ఎందుకంటే ఆయన వేషం వదల్లేదు, మార్చుకున్నాడు. నొసట నామం, ఒంటిమీద ముద్రలు, తులసిమాల, గజ్జెలు, చేతిలో చిడతలు: హరిదాసుడంటే అల్లంత దూరానికే తెలిసిపోయే మనిషి. పండితుణ్ణి సభలో నలుగురు చూస్తే దాసుణ్ణి ఊరంతా చూస్తుంది. పైగా ఆయనది మధ్వమతం. కనిపించే జగత్తు మిథ్య కాదు, సత్యమని దాని సిద్ధాంతం. అలాంటప్పుడు కంటికి కనిపించేదంతా ఉత్తదేనని కొట్టెయ్యడానికి ఆయన మతమే ఒప్పుకోదు. మరి శాలువాకూ గజ్జెకూ తేడా ఎక్కడుంది? వేషం ఎవరిమీద బరువు మోపుతుందన్న దాంట్లో ఉంది. శాలువా కనబడితే ఎదుటివాడు లేచి నిలబడాలి, నోరు అదుపులో పెట్టుకోవాలి. గజ్జె మోగితే ఎవరైనా సరే పాడమని అడగొచ్చు, అర్థం కాలేదని ముఖానే అనొచ్చు. సంస్కృతంలో తప్పు పట్టగలవాళ్లు ఊరికి ఇద్దరో ముగ్గురో; కన్నడంలో పాడితే అరుగు మీది ముసలమ్మ కూడా పట్టగలదు. ఒక వేషం చూసేవాణ్ణి కట్టేస్తుంది, ఇంకొకటి వేసుకున్నవాణ్ణే కట్టేస్తుంది.

ఈ కొలతతో వేరే చోటి వేషాలనూ చూడొచ్చు. ఇటలీ చూసొచ్చిన పరాయివాళ్లు అక్కడి 'బెల్లా ఫిగురా' గురించి, అంటే నలుగురిలో చక్కగా కనబడాలన్న పట్టింపు గురించి, కాస్త ఎగతాళిగానే రాస్తారు. వీధి చివర రొట్టె కొనడానికి వెళ్లినా నలగని బట్టలేమిటి, ఇదంతా డాబు అని. కానీ నలుగురిలోకి వెళ్లేటప్పుడు ఒద్దికగా ఉండమని మన ఇళ్లలో చెప్పేదీ అదే కదా. ఎదుటివాళ్ల కళ్లకు ఇచ్చే మర్యాద అది. అంతవరకు బరువు మోసేది వేసుకున్నవాడే, పేచీ లేదు. పేచీ వచ్చేది ఇంకోచోట. 1528లో వెనిస్‌లో అచ్చయిన ఇటలీ రచయిత కాస్టిల్యోనె గ్రంథం రాజాస్థానంలో మెలిగేవాడికి ఒక విద్య నేర్పుతుంది: పడ్డ కష్టం కనబడనివ్వకుండా, అంతా అలవోకగా వచ్చినట్టు కనిపించడం. దాని పక్కన రాయచూరు కోట రాతిని పెట్టి చూడాలి. కాకతీయుల కాలంలో, 1294లో ఆ కోట కట్టించిన విఠలుడి పేరు చెప్పే తెలుగు శాసనం సుమారు 41 అడుగుల పొడవున్న ఒకే రాయి మీద ఉంది. అదీ కీర్తి కోసం చేసిన ప్రదర్శనే, సందేహం లేదు. అయితే అంత బండను బండికెత్తి, వరసగా పశువులను కట్టి, మనుషులు వెంట నడిచి ఈడ్చుకొచ్చిన తీరును కూడా అక్కడే రాతిలో చెక్కారు. తోలినవాళ్ల పేర్లు లేవు, అది లోటే. అయినా ఎవరి చెమటతో ఆ ఘనత వచ్చిందో దాచిపెట్టలేదు. చెమటను దాచిన అందం చూసేవాణ్ణి మోసగించి గౌరవం రాబడుతుంది. ఈ రాయి తన లెక్క తనే అప్పజెబుతుంది.

వినయం మాత్రం వేషం కాదా, గజ్జె కట్టినవాడికి ఆ గజ్జె మీదే గర్వం రాదా అని అడగవచ్చు. తప్పకుండా వస్తుంది. పాదాలకు మొక్కేవాళ్లు బారులు తీరిన రోజున, పాట తప్పిందని అనే ధైర్యం ఎవరికీ లేని రోజున, గజ్జె మళ్లీ శాలువా అయిపోతుంది. కానీ దీన్ని కనిపెట్టడానికి దాసుడి మనసులోకి తొంగిచూడనక్కర్లేదు, ఆయన్ని ఇంకా ఎవరైనా ప్రశ్నించగలుగుతున్నారా అని చూస్తే చాలు.

ఇంతకన్నా గట్టి ఆక్షేపణ మరొకటి ఉంది. 1927 డిసెంబరులో మహాడ్‌లో అంబేడ్కర్ దళిత స్త్రీలతో మాట్లాడుతూ, పైకులాల స్త్రీల మాదిరిగా చీర కట్టండి, కులాన్ని పట్టిచ్చే బరువు నగలు వదలండి అన్నాడు. ఆ చీర కచ్చితంగా చూసేవాడి మీదే బరువు పెడుతుంది, చూపు మార్చుకోమంటుంది. పై వాదన ప్రకారం అదీ శాలువా లాంటిదేనా? కాదు. శాలువా అడిగేది తనకు రావలసినదానికి మించిన మర్యాద. ఆ చీర అడిగేది ఎన్నడో చెల్లించాల్సిన బాకీ. పరువు వదులుకోవడం గొప్ప సాధన అయ్యేది వదులుకోవడానికి పరువంటూ ఉన్నవాడికే. శ్రీనివాసాచార్యులకు అది దండిగా ఉంది. ఇదే సీమలో దేవుడి పేరు చెప్పి చిన్నపిల్లల మెడలో ముత్తు అనే పూసల దండ కట్టి, దేవదాసీలను చేసి వీధిపాలు చేసిన ఆచారమూ ఉంది. దాన్ని నిషేధిస్తూ కర్ణాటక 1982లో చట్టమే చేయాల్సి వచ్చింది. దాసుడి గజ్జె ఆయన చేత్తో ఆయన కట్టుకున్నది, ఆ పిల్లల ముత్తు ఎవరో కట్టింది. లజ్జ విడిచి భక్తిలో మునగమని వాళ్లకు బోధించే అర్హత ఏ దాసుడికీ లేదు. నలగని చీర కట్టుకుని, నలుగురూ లేచి చోటిచ్చేలా నడవాలనుకుంటే అది వాళ్ల హక్కు. దాన్ని డాబు అనే నోరు ముందు తన శాలువా సంగతి చెప్పాలి.